స్పాన్సరు అనగా ఎవరు?

పోయిన నెల ఈ పేజీలో మేము కుళాయి నీళ్ల సంగతి వ్రాస్తే, "నీళ్లు సరేనండీ, ఉగాది సభ సంగతి ఎప్పుడు వ్రాస్తారు?" అని ముగ్గురు చదువరులు ఉత్తరాలు వ్రాశారు. ఒకాయన పెద్ద బజారులో మా సైకిలు ఆపి మరీ అడిగారు. జమాఖర్చులు కోశాధికారిగారు వేరే పేజీలో వేస్తున్నారు. ఆ అంకెల వెనుక ఉన్న తిరుగుడు మాత్రం మాది గనుక మేమే చెప్పాలి.

కథ మాఘమాసంలో మొదలైంది. కార్యవర్గ సమావేశంలో ఉగాది కార్యక్రమం ఖరారు చేస్తున్నాము. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, పిల్లల పాటలు, పులిహోర. ఇరవై ఏళ్లుగా ఇదే వరస కాబట్టి కార్యదర్శిగారు మమ్మల్ని అడగకుండానే వ్రాసుకుపోతున్నారు. ఇంతలో యువజన విభాగం తరఫున వచ్చిన డిగ్రీ చదివే అమ్మాయి ఒకర్తె లేచి, "ఈసారి ఫేషన్ షో పెడదామండీ" అన్నది.

ఉపాధ్యక్షులవారి చేతిలో కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "ఏం షో?" అన్నారు. అమ్మాయి జంకలేదు. "బయటి బట్టలు కాదండీ తాతగారూ. మన బరంపురం పట్టే. ఆడపిల్లలం చీరలు కట్టుకుంటాము, మగపిల్లలు జోడాలు కట్టుకుంటారు. వేదిక మీద నడుస్తాము. చూసినవాళ్లు కొనుక్కుంటారు. అంతే" అన్నది.

బరంపురం పట్టు అనేసరికి ఎవరికీ కాదనే నోరు లేకపోయింది. మనలో సగంమంది ఇళ్లల్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన వాళ్లమే. రాజమహేంద్రవరం వైపు నుంచి మన నేతగాళ్ల పెద్దలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారని అందరూ చెప్పుకునేదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి బరంపురం మద్రాసు రాజధానిలోంచి ఇటు వచ్చింది. గీత మారింది గాని మగ్గం మారలేదు. ఆ చీర అంచుమీద గుడి గోపురాల్లాగా వరసగా లేచే జరీ మొనలకు "ఫొడా కుంభ" అని ఒడియా పేరు. నేసే చేతులు మాత్రం తెలుగువి. 2012లో ఆ చీరకూ, మగవారి జోడాకూ కలిపి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది గాని మగ్గాలు పెరగలేదన్నది మన వీధుల్లో నడిచే ఎవరికైనా తెలుసు. పూర్వం తెల్లవారుజామున మూడు నాలుగు ఇళ్ల చప్పుడు కలిసి వినపడేది. ఇప్పుడు ఒకటి విని, రెండోది ఎక్కడా అని వెతుక్కోవాలి.

కనుక ప్రదర్శన ఖాయమైంది. ఆహ్వానపత్రం మీద "పట్టుచీరల ప్రదర్శన" అనీ, పిల్లల ఫోనుల్లో "ఫేషన్ షో" అనీ వేసుకునేట్టు రాజీ కుదిరింది. ఆ తరువాత కోశాధికారిగారు కళ్లజోడు సవరించుకొని, "ఖర్చు ఎంత?" అన్నారు.

అంచనా కాగితం పిల్లలే వేసుకొచ్చారు. హాలుకు 25,000. వేదికా, దాని ముందు జనం మధ్యలోకి చాచిన నడకబల్లా కలిపి టెంటుహౌసువారికి 30,000. దీపాలకూ మైకులకూ 22,000. అలంకరణ అనగా ముఖాలకూ జడలకూ 15,000. పువ్వులు, తెరలు 8,000. ఫలహారం 12,000. ఫొటోలు 8,000. అచ్చుపని 4,000. మొత్తం 1,24,000. పులిహోరతో సరిపెట్టుకునే మన సమాజానికి ఈ అంకె చూస్తే చెమటలు పట్టాయి. నిధిలోంచి 30,000కు మించి తియ్యడానికి వీల్లేదని తీర్మానం. మిగిలిన 94,000 స్పాన్సర్ల దగ్గర తేవాలి. ఎవరు తేవాలి? "కలం పట్టుకునేది వారే గదా, సంచీ వారే పట్టుకుంటారు" అని అధ్యక్షులవారు మావైపు చూశారు. ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్నాము. పైవారు చూస్తే కాదనడం మాకు అలవాటు తప్పింది.

మేము చేసిన మొదటి పొరపాటు ఇక్కడే. స్పాన్సరు అనగా చందా ఇచ్చేవాడనుకున్నాము. మన సమాజంలో పోషకులు, రాజపోషకులు, మహారాజపోషకులు అని మూడు తరగతులున్నాయి గదా, స్పాన్సరు నాలుగో తరగతి కాబోలుననుకొని రసీదు పుస్తకం చంకన పెట్టుకొని బయలుదేరాము. వెంట ఆ అమ్మాయి, ఇంకో కుర్రవాడు. నాలుగు సాయంకాలాలు తిరిగాము. దసరాకూ వినాయకచవితికీ వచ్చేవాళ్లను చూసినట్టే మమ్మల్నీ చూశారు. కొందరు కూర్చోమన్నారు, కొందరు "యజమాని లేరు" అన్నారు, అలా అన్నవారిలో ఇద్దరు యజమానులే.

చందా పుస్తకానికి ఒక ధర్మసూక్ష్మం ఉంది. ఎవరూ పక్కవాడిని మించి ఇవ్వరు. మొదటి పద్దు ఎంత ఉందో వేలితో వెతికి చూసి, దానికి సరిగ్గా అంతో, ఒక మెట్టు తక్కువో వ్రాస్తారు. మా పుస్తకంలో మొదటి పద్దు 116. మేము మొహమాటపడి మొదట మా వీధి కిరాణా ఆయన దగ్గరికి వెళ్లిన ఫలితం అది. ఇంక ఆ తరువాత ఎంత పెద్ద దుకాణం మెట్లెక్కినా 116, 251, బలవంతాన 501. నాలుగు రోజులకు 24 రసీదులు, 7,214 రూపాయలు.

అయిదో రోజున అమ్మాయి మా ఇంటికి వచ్చి, "బాబాయ్, మనం అడుక్కుంటున్నాం. ఇది అడుక్కునే పని కాదు, బేరం" అన్నది. మాకు కొంచెం కోపమే వచ్చింది. మా ఆవిడ లోపలినుంచి, "పిల్ల సరిగ్గానే చెప్పింది" అన్నది.

ఆ పిల్ల ఒక కాగితం తయారుచేసింది. ఒకటే కాగితం. ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. ఒడియా మేము దిద్దిపెట్టాము. అందులో సమాజం చరిత్రా లేదు, భాషాసేవా లేదు. సభకు ఎన్ని కుటుంబాలు వస్తాయి, అందులో ఆడవారు ఎందరు, ఉగాది వెళ్లగానే పెళ్లిళ్లు గనుక వచ్చినవారు ఏమేమి కొనే ఆలోచనలో ఉంటారు, ఇది మొదట. మీరు ఇంత ఇస్తే మీ పేరు తెరమీద ఇంత పెద్దది, ఇంత ఇస్తే వసారాలో ఒక బల్ల వేసుకొని మీ సరుకు అమ్ముకోవచ్చు, ఇంత ఇస్తే ప్రత్యేక సంచికలో ఒక పేజీ, ఇది తరువాత. చివర సంతకం చేయడానికి చోటు. మాకు ఆఫీసులో వచ్చే టెండరు కాగితాలకంటె శుభ్రంగా ఉంది.

మొదటి పద్దు సంగతి గూడా పిల్లే కనిపెట్టింది. న్యూయార్కులో 1914లో జరిగిన ఒక ముచ్చట ఎక్కడో చదివిందట. అప్పుడు యుద్ధం వచ్చి పారిస్ నుంచి కొత్త దుస్తుల వరస ఆగిపోతుందని భయపడ్డారు. వోగ్ పత్రిక సంపాదకురాలు ఎడ్నా ఊల్మన్ చేస్ అనే ఆవిడ, ఆ ఊరి దర్జీల చేత గౌనులు కుట్టించి ఫేషన్ ప్రదర్శన పెట్టాలనుకుంది. దుకాణాల సరుకు చూడటానికి గొప్పింటి ఆడవారు రారు గదా. అందుచేత వసూలైన సొమ్ము యుద్ధంలో దిక్కులేనివారైన వితంతువులకూ పిల్లలకూ అని ప్రకటించి, మొదట ఊళ్లో అందరికంటె పేరున్న స్టైవెసెంట్ ఫిష్ దొరసానిగారిని పోషకురాలిగా ఒప్పించింది. ఆవిడ పేరు చూసి తక్కినవారు వచ్చారు. నవంబరు నెలలో రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో ప్రదర్శన జరిగింది. డబ్బుకంటె ముందు పేరు తెచ్చుకోవాలన్నమాట.

మాకు దొరసానులు లేరు గాని, మన వీధుల్లో మూడు తరాల పిల్లలకు పురుడు పోసిన డాక్టరమ్మగారు ఉన్నారు. వెళ్లి చెప్పుకున్నాము. ఆవిడ 5,000 ఇచ్చి, పేరు వేసుకోండి గాని ఆస్పత్రి బోర్డు వద్దన్నారు. ఆ పేరుతో కొత్త పుస్తకం మొదలుపెట్టాము. ఇంక చూడండి! మొదట 116 ఇచ్చి పంపిన గిన్నెల కొట్టు ఆసామీయే ఈసారి కాగితం రెండుసార్లు చదివి, "ఆజ్ఞా, బల్ల ఎక్కడ వేస్తారు? తలుపు పక్కనా, లోపలా?" అని అడిగి 5,000 వ్రాశారు.

ఇది ఏం మాయ అని మేము ఆశ్చర్యపడ్డాము గాని, ఆఫీసు మనిషికి అర్థం కావలసిందే. మా ఆఫీసులో కుర్చీ కొనడానికి కాణీ ఉండదు; అదే సమయానికి గోడకు సున్నం వెయ్యడానికి డబ్బు మురిగిపోతూ ఉంటుంది. ఏ పద్దు కింద అడిగామన్నదే సంగతి. వ్యాపారి పుస్తకంలోనూ అంతే. ధర్మం ఖాతా ఒకటి, ప్రచారం ఖాతా ఒకటి. ధర్మం ఖాతాలో ఏడాదికి ఇంతని ఉంటుంది, అది దసరాకే అయిపోతుంది. ప్రచారానికి పెట్టింది వ్యాపారపు ఖర్చు కింద ఆదాయపు పన్ను లెక్కలో పోతుంది. విరాళమైతే మన సమాజానికి ఆ రిజిస్ట్రేషను ఉండాలి, ఉన్నా 2,000 రూపాయలు దాటిన నగదుకు 2017 నుంచి పన్ను మినహాయింపు లేదు. అందుచేత బేరమంటే బేరమనే కాగితం మీద వ్రాసి, బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో పుచ్చుకోవాలి. స్పాన్సరుషిప్పు మీద జి.ఎస్.టి. అనే మెలిక ఇంకొకటుంది. దాన్ని లెక్కలాయనతో ముందుగా మాట్లాడుకోవడం మంచిది. మేము ముందుగా మాట్లాడలేదు, తరువాత మాట్లాడి మాటలు పడ్డాము.

నగదుకంటె తేలిగ్గా వచ్చేది పని. బ్యూటీ పార్లరు నడిపే అమ్మాయిని డబ్బు అడిగితే కళ్లల్లో నీళ్లు పెట్టుకునేటట్టుంది. "మరి మీరే వచ్చి మా పిల్లలకు జడలు వేస్తారా?" అనేసరికి ముఖం వెలిగింది. నలుగురు మనుషులతో వచ్చి మొత్తం అలంకరణ చేస్తానంది. ఆ విధంగా 15,000 మిగిలాయి. టెంటుహౌసువారు తమ పేరు కనపడేట్టయితే 8,000 తగ్గిస్తామన్నారు. మిఠాయి కొట్టువారు తీపి ఉచితమన్నారు. ఫలహారంలో 5,000 తగ్గింది. నగలు మాత్రం అసలువి ఇస్తామన్నా మేమే వద్దన్నాము. పన్నెండుమంది పిల్లల మెళ్లలో ఎవరిదో బంగారం వేసి, ఆ రాత్రి మేము నిద్రపోవాలా వద్దా? గిల్టు నగలే వేశాము.

ఇవన్నీ పోగా, కాగితపు పద్ధతిలో వచ్చిన నగదు మాటలు 24,000. ఇంకా 34,786 లోటు.

అప్పుడు ఇద్దరు పెద్దమనుషులు తమంతట తామే వచ్చారు. వీరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటి ఆయన జర్దా వ్యాపారి. లోటు ఎంత ఉంటే అంతా తానే ఇస్తానన్నారు. తెరమీద తన సరుకు పేరు ఉండాలి. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టంలో అయిదో సెక్షను ప్రకారం అలాంటి ప్రకటనా కూడదు, స్పాన్సరుషిప్పూ కూడదు అని మేము మెల్లగా చెప్పాము. ఆయనకు మాకంటె బాగా తెలుసు. "జర్దా పేరు వద్దండీ, అదే పేరుతో యాలకులూ అమ్ముతున్నాముగా, యాలకుల బొమ్మ వెయ్యండి" అన్నారు. ఒకప్పుడు మన క్రికెట్టు జట్టు చొక్కాల మీద సిగరెట్టు పేరుండేది, 2001లో ఆ కంపెనీ క్రికెట్టునుంచి తప్పుకుంది. అంత పెద్ద ఆటకే తప్పినప్పుడు మనకు తప్పకపోవడమేమిటి? కార్యవర్గంలో మాత్రం ఇద్దరు యాలకులకు ఒప్పుకున్నారు. మా ఆవిడ వంటింట్లోంచి ఒక్కమాటే అడిగింది: "మన ఆడపిల్లలు నడుస్తుంటే వెనకాల ఆ బొమ్మా?" కార్యవర్గంలో మేము ఆ మాట మా మాటగా చెప్పాము. బొమ్మ పోయింది.

రెండో ఆయన ఒక పెద్ద బట్టల దుకాణం మేనేజరు. మర్యాదస్తుడు. 50,000 ఇస్తామన్నారు. పేరు మొత్తం ప్రదర్శనకే ఉండాలి, అనగా సభ పేరు ముందు వారి దుకాణం పేరు. ఇందులో వింతేమీ లేదు. రేడియో సిలోనులో 1952లో మొదలైన పాటల కార్యక్రమం పేరే బినాకా గీత్‌మాలా గదా. పాటలు సినిమావి, పేరు టూత్‌పేస్టుది. 2000లో ఢిల్లీలో మొదలైన ఇండియా ఫేషన్ వీక్‌కు మొదట లాక్మే పేరు, 2006లో విల్స్ లైఫ్‌స్టైల్ పేరు, 2015లో అమెజాన్ పేరు. పెళ్లిపందిరి ఒకటే, గుమ్మానికి కట్టిన పేరు మారుతూ ఉంటుంది. అందుచేత పేరుకు మేము ఒప్పుకున్నాము.

అయితే రెండో షరతు ఉంది. పన్నెండుమంది పిల్లలూ వారి దుకాణం చీరలే కట్టాలి. అవి మర చీరలు. దూరంనుంచి బేళ్లలో వచ్చినవి. చూడటానికి మెరుస్తాయి, రెండువేలలోపు ధర. "మీ బరంపురం పట్టు చివర రెండు చూపించుకోండి, మాకభ్యంతరం లేదు" అన్నారాయన.

నిజం చెప్పాలి. మేము ఒప్పుకుందామన్నాము. లోటు తీరుతుంది, పదిహేనువేలు మిగులుతుంది, సాయంకాలాలు ఇంట్లో కూర్చోవచ్చు. తిరిగి తిరిగి మా చెప్పులు అరిగాయి. అమ్మాయి ఏమీ అనలేదు. సంచీ కుర్రవాడి చేతికిచ్చి వెళ్లిపోయింది. కార్యవర్గం కూడా మావైపే మొగ్గింది. చీరలు ఇస్తానన్న నేతగాడు మావయ్యగారికి ఆ సంగతి చెప్పిరావడం మా మీదనే పడింది.

మావయ్యగారంటే మాకు చుట్టరికం కాదు, వీధి వరస. డెబ్భై దాటాయి. ఇంట్లో ఒకటే మగ్గం ఆడుతోంది, కొడుకు నేస్తాడు. కోడలు లెక్కలు చూస్తుంది. ప్రదర్శనకు ఆరు చీరలు, రెండు జోడాలు ఎరువిస్తానని మాఘంలోనే మాట ఇచ్చారు. మేము వెళ్లేసరికి ఆయన వసారాలో చాప పరిచి, తెల్లటి పాతపంచలో ఒక్కొక్క చీరా పాత మడత విప్పి కొత్త మడత వేస్తున్నారు. ఒకే మడతమీద ఎక్కువకాలం ఉంటే పట్టు అక్కడ చిట్లుతుందట. ప్రతి దానికీ ఒక చీటీ కుట్టి, ఏ ఛాయ పిల్లకు ఏది నప్పుతుందో కోడలిచేత వ్రాయించారు.

మేము గొంతు సవరించుకొని, బట్టల దుకాణం వారి సంగతి చెప్పడం మొదలుపెట్టాము. ఆయన మడత ఆపకుండానే విన్నారు.

"వాళ్లు యాభైవేలు ఇస్తారా? మీకా?" అన్నారు.

"అవును మావయ్యగారూ. స్పాన్సర్లు గదా."

"స్పాన్సరు అనగా ఎవరు నాయనా?"

"సభకు ఖర్చు పెట్టుకునేవారండీ."

ఆయన ఏమీ అనలేదు. కోడలు మాత్రం తలుపు దగ్గరనుంచి, "అయితే మావయ్య పేరు ఆ పుస్తకంలో ఏ పేజీలో వ్రాశారు బాబూ?" అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది, ఆవిడకు లెక్కలు కావాలి.

ఏ పేజీలోనూ వ్రాయలేదు. గిన్నెల కొట్టు ఉంది, టెంటుహౌసు ఉంది, జడలు వేసే అమ్మాయి ఉంది, 116 ఇచ్చిన కిరాణా ఉంది. ఈయన లేరు. మేము అక్కడే చాపమీద కూర్చొని మనసులో లెక్క కట్టాము. ఒక్కొక్క చీర 11,500 వంతున ఆరింటికి 69,000. జోడాలు వేరే. అంత సరుకు పెళ్లిళ్ల ముందు పదిరోజులు అమ్మకుండా ఆపుకోవడం. దీపాల వేడికి పిల్లల చెమట పడితే, రంగు అంటితే, జరీ కొక్కేనికి తగిలితే కొత్తచీర వాడినచీర అవుతుంది. ఆ నష్టం ఎవరిదో మేము మాట్లాడనే లేదు. ఆయనా అడగలేదు. సభలో అందరికంటె ఎక్కువ సొమ్ము పెట్టినవాడికి మేము రసీదైనా ఇవ్వకుండా, నీ సరుకు వద్దని చెప్పడానికి వచ్చాము.

వచ్చిన పని చెప్పకుండానే కాఫీ తాగి లేచాము.

మరునాడు బట్టల దుకాణానికి వెళ్లి, అన్ని చీరలూ అంటే కుదరదండీ, మీ చీరలకు వేరే ఒక నడక ఇస్తాము, నలుగురు పిల్లలు కడతారు, అందుకు తగినంత ఇవ్వండి అన్నాము. మేనేజరుగారు నవ్వి, "మా సొమ్ముతో మా పోటీదారు చీరలు చూపిస్తారా?" అన్నారు. వారివైపునుంచి చూస్తే అదీ న్యాయమే. అహమదాబాదులో కాలికో మిల్లువారు ఫేషన్ ప్రదర్శనలు జరిపించినా తమ గుడ్డకోసమే గాని పొరుగువాడి గుడ్డకోసం కాదు గదా. చివరకు ప్రత్యేక సంచిక వెనుక అట్ట మాత్రం 10,000కు తీసుకున్నారు. అది వారి పెద్దమనసు.

కార్యవర్గంలో మాకు జరిగిన సన్మానం ఇక్కడ వ్రాయము. యాభై పోగొట్టి పది తెచ్చినవాడికి ఏం జరుగుతుందో చదువరులు ఊహించుకోగలరు. అమ్మాయి మాత్రం మళ్లీ సంచీ పట్టుకుంది. పొగలు వచ్చే యంత్రం, తిరిగే రంగుదీపాలు కొట్టేశాము, 10,000 తగ్గింది. నడకబల్లకు టెంటుహౌసు సామాను బదులు సమాజం భోజనాల బల్లలే వరసగా బిగించి పైన తివాచీ పరిచాము, ఇంకో 9,000 తగ్గింది. వసారాలో ఇంకా ఆరు బల్లలకు తలా వెయ్యి వచ్చింది. లెక్క తేలేసరికి కాగితం మీద 214 రూపాయలు మిగులు. తెరమీద పేర్లు వేయించినప్పుడు మావయ్యగారి ఇంటిపేరు అన్నిటికంటె పైన వేయించాము. రెండు దుకాణాలవారు "వీరెంత ఇచ్చారు?" అని అడిగారు. మేము లెక్క చెప్పాము. ఒకరు ఊరుకున్నారు, ఒకరు ఊరుకోలేదు.

ప్రదర్శన సంగతి వచ్చినవారికి తెలుసు, రానివారికి వారి ఇళ్లవారు చెప్పే ఉంటారు. భోజనాల బల్లలు మధ్యలో ఒకచోట కిర్రుమన్నాయి, పిల్లలు ఆ చోటు దాటేటప్పుడు చిన్న అంగ వేశారు. వ్యాఖ్యాత స్పాన్సర్ల పేర్లు పదకొండుసార్లు చదివాడని ముందు వరసలో ఒకాయన వేళ్లమీద లెక్కపెట్టారు. అది బేరంలో భాగమేనండీ, క్షమించాలి. చివర ఒక బామ్మగారు తన పెళ్లినాటి బరంపురం పట్టు కట్టుకొని, మనవరాలి చెయ్యి పట్టుకొని నడిచినప్పుడు మాత్రం వ్యాఖ్యాత కూడా చదవడం మానేశాడు. మావయ్యగారు వెనక వరసలో కూర్చున్నారు. ఆయన చూసింది పిల్లలను కాదు, అంచులను. ఆ రాత్రే మూడు చీరలకు ఆర్డర్లు వచ్చాయి.

ఇంక రెండు సంగతులు మిగిలాయి. ప్రదర్శన మధ్యలో లోపలిగదిలో పిల్లలకు కాఫీ తెచ్చినవాళ్లము మేమే. అక్కడ నేలమీద తీగ ఉన్నదని చూడనివాళ్లమూ మేమే. వంగపండు రంగు చీర, ఎర్ర అంచు, కింద జానెడు మేర కాఫీ మరక. మావయ్యగారు, "పోనీలెండి నాయనా, ఉతికితే పోతుంది" అన్నారు. కోడలు ఏమీ అనలేదు గాని పుస్తకం తెరిచింది. ఆవిడే న్యాయం. సమాజం దగ్గర ఉన్నది 214. అందుచేత ఆ చీర ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది, నెలకు 2,300 వంతున అయిదు వాయిదాలు. మరక కుచ్చిళ్లలోకి పోతుందని మా ఆవిడ అంటున్నది. ఇరవై ఏళ్ల తరువాత పట్టుచీర తెచ్చారు, అదీ కాఫీ పోసి తెచ్చారని కూడా అంటున్నది.

రెండోది. పైన చెప్పిన 24,000లో ఒకరు ఒప్పుకున్న 3,000 ఇంకా చేతికి రాలేదు. తెరమీద వారి పేరు వేశాము, పదకొండుసార్లూ చదివించాము. వారి ఇంటికి ఈ పత్రిక నెలనెలా వెళుతుంది. కోశాధికారిగారు ఆదివారం ఉదయం తొమ్మిదినుంచి పదకొండుదాకా సమాజం ఆఫీసులోనే ఉంటారు.